మొదటి ఫుల్ ఫేస్ హెల్మెట్: మన కొండలకు ఏది? అసలు అవసరమేనా?

చంపావతి_ఒడ్డు (నెల్లిమర్ల):
మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కొండల్లో సైకిలు తొక్కేవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నాది ముందు మాత్రమే సస్పెన్షన్ (120 ఎంఎం ఫోర్కు) ఉన్న హార్డ్‌టెయిల్ సైకిలు. ఇన్నాళ్లూ రోడ్డు సైకిలువాళ్లు పెట్టుకునే మామూలు హెల్మెట్టుతోనే గడిచిపోయింది. ఈమధ్య ఎస్.కోట దగ్గర పుణ్యగిరి వైపు వాలులో దిగుతుంటే, నా ముందున్న స్నేహితుడి ముందు చక్రం ఎర్ర గ్రావెల్లో జారింది. హెల్మెట్టు మీద గీత కూడా పడలేదు. గెడ్డానికి మాత్రం కుట్లు పడ్డాయి, కింది పెదవి చీలింది. వాడి వాలకం చూశాక మా ఇంట్లో ఒకటే మాట: ముఖం కప్పే హెల్మెట్టు కొంటావా, సైకిలు అమ్ముతావా అని.

మా జట్టులో రెండు పార్టీలున్నాయి. బైకు హెల్మెట్టు ఇంట్లో ఉంది, ఐఎస్ఐ ముద్ర కూడా ఉంది, అదే పెట్టుకో అని ఒక పార్టీ. అది పెట్టుకుని కొండెక్కితే సగం దారిలో పడిపోతావు, సైకిలుకు చేసిందే కొను అని ఇంకో పార్టీ. నా దగ్గర పదిహేను వేలున్నాయి. ఏం చేయమంటారు?

పాతసైకిలు_మావయ్య (సాలూరు):
బాబూ, పదిహేను వేలుంటే ముందు మంచి టైర్లు వేయించు, బ్రేకు ప్యాడ్లు మార్పించు. జారింది చక్రం కదా. హెల్మెట్టు కావాలంటే మోటోక్రాస్ రకం, అదే మట్టి దారుల్లో బైకు పందేలకు పెట్టుకునేది, ఐఎస్ఐది తీసుకో. గెడ్డం దగ్గర ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, పైన ఎండకు టోపీ అంచులాంటి పీక్ ఉంటుంది, గాగుల్స్ పడతాయి. మూడు వేలు పెడితే వస్తుంది. 1990ల్లో డౌన్‌హిల్ (సైకిలు మీద కొండ దిగే) పోటీల్లో చాలామంది పెట్టుకున్నది ఏటనుకున్నావు? మోటోక్రాస్ హెల్మెట్టే. బైకు మీంచి పడితే కాపాడేది సైకిలు మీంచి పడితే కాపాడదా? దిగుమతి సరుకు మోజు తప్ప ఇంకేం కాదు.

వంశధార (ఆమదాలవలస):
మావయ్యగారూ, టైర్ల మాటకు ఒప్పుకుంటాను. మిగతాదానికి ఒప్పుకోను.

మోటోక్రాస్ హెల్మెట్టు కిలోన్నర దరిదాపుల్లో ఉంటుంది. సైకిలుకని చేసిన తేలిక రకం ఫుల్ ఫేస్ 700 నుంచి 850 గ్రాములు. డౌన్‌హిల్ పోటీలకు చేసినవి కిలోకు అటూ ఇటూ. విదేశాల్లో సైకిలు పార్కుల్లో లిఫ్టు ఎక్కి పైకి పోయి దిగుతారు, వాళ్లకు బరువు పెద్ద లెక్క కాదు. మనకు లిఫ్టూ లేదు, పైకి మోసుకుపోయే జీపూ లేదు. ఎక్కినంతసేపూ మనమే తొక్కాలి, అదీ సముద్రపు ఉక్కలో. మోటోక్రాస్ హెల్మెట్టు గాలి రంధ్రాలు బండి వేగానికి లెక్కేసి పెట్టినవి. గంటకు ఐదారు కిలోమీటర్లతో రొప్పుతూ ఎక్కేవాడికి వాటిలోంచి గాలి ఆడదు. చివరికి అందరూ చేసేది ఒకటే, విప్పి హ్యాండిల్‌కు తగిలిస్తారు. చిన్న దింపుడు వస్తే "ఈ కాస్తకేలే" అని తగిలించే ఉంచుతారు.

రెండోది లోపలి థర్మాకోల్. దాని పని నలగడం. అది నలిగితేనే తలకు తగిలే దెబ్బ తగ్గుతుంది. బైకు హెల్మెట్టు పెద్ద దెబ్బలకు తట్టుకోవాలి, అందుకని లోపల గట్టిది వేస్తారు. సైకిలు మీంచి తక్కువ వేగంతో పడినప్పుడు అది సరిగా నలగకపోతే మిగిలిన దెబ్బ తలకే. ఎంత గట్టిదైతే అంత మంచిదన్న లెక్క తలుపు గొళ్లేనికి చెల్లుతుంది, హెల్మెట్టుకు చెల్లదు.

పళ్లడాక్టరు (శ్రీకాకుళం):
నేను తొక్కేది తక్కువే, కానీ ఇలా పడి వచ్చేవాళ్లను చూస్తుంటాను. గెడ్డం నేలకు కొట్టుకుంటే ఆ దెబ్బ గెడ్డంతో ఆగదు. దవడ ఎముక మీదుగా చెవి ముందున్న కీలు దాకా వెళ్తుంది, చాలాసార్లు విరిగేది అక్కడే. పైకి కనిపించేది చిన్న చీలిక, అందుకని కుట్లు వేయించుకుని ఇంటికి పోతారు. తరవాత నోరు పూర్తిగా తెరుచుకోదు, పై పళ్లూ కింది పళ్లూ సరిగా కలవవు. చంపావతి గారూ, మీ స్నేహితుడికి నమిలేటప్పుడు చెవి దగ్గర నొప్పిగా ఉంటే ఎక్స్‌రే తీయించమని చెప్పండి. ఊడిన పన్ను దొరికితే వేరు పట్టుకోకుండా, రుద్ది కడగకుండా పాలల్లో వేసి వీలైతే అరగంటలో పళ్ల డాక్టరు దగ్గరికి చేరండి. ఇది హెల్మెట్టు సంగతి కాదు గానీ ఎవరికైనా పనికొస్తుంది.

ఇక అసలు ప్రశ్న. బరువా, గాలా అని వాదించుకునే ముందు హెల్మెట్టు లోపల అతికించిన చీటీ చదవండి. ఈఎన్ 1078 అని ఒక్కటే ఉంటే అది యూరప్‌లో మామూలు సైకిలు హెల్మెట్లకు రాసుకున్న ప్రమాణం. మీటరున్నర ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడేసి చూస్తారు. అమెరికా సీపీఎస్‌సీ ప్రమాణంలో ఆ ఎత్తు 2 మీటర్లు. రెండింటిలోనూ చిన్ బార్‌కు, అంటే గెడ్డం ముందు అడ్డంగా ఉండే భాగానికి, పరీక్ష లేదు. అంటే ముఖం ముందు ఏ ప్లాస్టిక్ కమ్మీ పెట్టినా ఆ చీటీ అతికించుకోవచ్చు. ఏఎస్‌టీఎం ఎఫ్1952 అని ఇంకోటి ఉంది, డౌన్‌హిల్ కోసమే రాసింది. అందులో చిన్ బార్ మీద బరువు పడేసి అది ఎంత లోపలికి వంగిందో కొలుస్తారు. గెడ్డం కోసం కొంటున్నప్పుడు గెడ్డం పరీక్ష లేనిదాన్ని ఎందుకు కొనాలి?

మందస_కొండలు:
డాక్టరుగారి మాట బాగుంది గానీ, మా వైపు ఒకసారి వచ్చి చూడండి. జీడితోటల మధ్య మట్టి దారులు, అవి దాటితే మహేంద్రగిరి వైపు ఎక్కుడే ఎక్కుడు. దిగేది కాసేపే. నా ఓటు చిన్ బార్ ఊడి వచ్చే రకానికి. ఎక్కేటప్పుడు తీసి బ్యాగుకు తగిలించుకుంటాను, పైన మళ్లీ బిగిస్తాను. రెండు హెల్మెట్లు కొనే ఖర్చు తప్పుతుంది. రోడ్డు మీద టెక్కలి దాకా పోయేటప్పుడు మామూలు హెల్మెట్టు, కొండ దిగేటప్పుడు ఫుల్ ఫేస్.

వంశధార (ఆమదాలవలస):
ఆ రకంలోనే జనం ఎక్కువ మోసపోతారు అన్నా. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బెల్ కంపెనీవే తీసుకోండి: సూపర్ 3ఆర్, సూపర్ డీహెచ్. రెండింటికీ చిన్ బార్ ఊడుతుంది. డీహెచ్‌కు ఎఫ్1952 ఉంది, 3ఆర్‌కు లేదు. మీది ఏది?

మందస_కొండలు:
నాది 3ఆర్. ఉన్నది లేనిదానికంటే నయమే కదా తమ్ముడూ. ముళ్లకంపలు, జీడి కొమ్మలు మొహానికి కొట్టుకోకుండా ఆపుతుంది. నేను గాల్లోకి ఎగిరేవాణ్ని కాను.

వంశధార (ఆమదాలవలస):
కొమ్మలకైతే చాలు. కానీ చంపావతి స్నేహితుడు కూడా గాల్లోకి ఎగరలేదు, గ్రావెల్లో జారాడంతే.

జడగంటలు (విజయనగరం):
అందరూ చీటీల మీద పడ్డారు, సైజు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎఫ్1952 ఉన్నా తల మీద వదులుగా తిరిగే హెల్మెట్టు దండగ.

కనుబొమలకు వేలెడు పైన, వెనక తల బాగా ఉబ్బుగా ఉన్నచోట మీదుగా టేపు చుట్టి కొలవండి. ఆ సెంటీమీటర్లను ఆ కంపెనీ పట్టికలోనే చూసుకోండి, ఒకరి మీడియం ఇంకొకరి మీడియం కాదు. ఫుల్ ఫేస్‌ను పట్టి ఉంచేది ముఖ్యంగా బుగ్గల మెత్తలు. కొత్తలో బుగ్గలు నొక్కుకుపోయి మాట ముద్దగా రావాలి. తల ఊపితే హెల్మెట్టుతో పాటు బుగ్గల చర్మం కదలాలి. చిన్ బార్ పట్టుకుని కిందికి లాగితే కళ్ల మీదికి రాకూడదు, వెనక అంచు పట్టుకుని పైకి ఎత్తితే ఊడి రాకూడదు. నుదుటి మీద ఒక్కచోటే పోటు వస్తే ఆ హెల్మెట్టు ఆకారం మీ తలకు సరిపడనట్టే, సైజు పెంచినా లాభం లేదు. పెట్టుకుని అరగంట ఇంట్లో ఫ్యాను కింద కూర్చోండి. మా అత్తగారు "ఎవరి మీదికే యుద్ధానికి?" అన్నారు. అననివ్వండి. చీటీలు చించకుండా ఉంచితే వెనక్కి పంపొచ్చు. నాకు ఒక ఆన్‌లైన్ షాపువాళ్లు లార్జ్ అడిగితే మీడియం పంపి, వాపసుకు చుక్కలు చూపించారు. అందుకే కొనేముందు వాపసు షరతులు చదవండి.

ఆడవాళ్లకు ఇంకో మాట: కొప్పు పెడితే లోపలికి దూరదు. మెడ దగ్గర వదులుగా జడ వేసుకుంటే సరిపోతుంది. కొబ్బరినూనె రాసుకునే తలలు మనవి, మెత్తలు విప్పి ఉతుక్కునే వీలు లేకపోతే నెల తిరిగేసరికి ఆ వాసన భరించలేరు. చల్లటి నీళ్లు, మామూలు సబ్బు, నీడలో ఆరబెట్టడం.

నాగావళి (పాలకొండ):
మిప్స్ ఉండాలా వద్దా అని ఎవరూ అనలేదేం? పడినప్పుడు తల నేలకు నిలువుగా తగలదు, ఏటవాలుగా తగిలి మెలితిరుగుతుంది. ఆ మెలిక తగ్గించడానికి లోపలి పొర కాస్త జారేటట్టు చేసిన స్వీడన్‌వాళ్ల పద్ధతి అది. ఇప్పుడు చాలావాటిలో వస్తోంది. వర్జీనియా టెక్ యూనివర్సిటీవాళ్లు 2018 నుంచి సైకిలు హెల్మెట్లను ఈ మెలికతో సహా పరీక్షించి నక్షత్రాలు ఇస్తున్నారు, జాబితా ఉచితంగానే చూడొచ్చు. మీరు చూసే మోడల్ అందులో ఉందేమో వెతకండి.

సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దు. లోపల థర్మాకోల్ ఎక్కడ నలిగిందో పైకి కనపడదు. అమ్మేవాడు "ఒక్కసారి కూడా పడలేదు" అనే చెప్తాడు.

పాతసైకిలు_మావయ్య (సాలూరు):
అక్కడే దొరికారు మీరంతా. గట్టిగా పడితే హెల్మెట్టు మార్చాలి, అవునా? పాతిక వేలు పోసి కొన్నదాన్ని ఒక్క దెబ్బకు ఎవడు పారేస్తాడు? "పైన గీతే కదా" అని తుడిచి మళ్లీ పెట్టుకుంటాడు. మూడు వేలదైతే నిజంగా మారుస్తాడు. నలిగిపోయిన ఖరీదైనది మంచిదా, కొత్తగా ఉన్న చవకది మంచిదా? డాక్టరుగారే చెప్పాలి.

ఇంకోటి. అన్ని వైపులా మూసుకున్నాక ధైర్యం ఎక్కువై ఇంకా జోరుగా దిగుతారు. చెవులు సగం మూసుకుపోతాయి, మలుపులో గేదెల మంద ఉన్నా గంటల చప్పుడు వినపడదు. అది నా కళ్లతో చూసిన సంగతి.

పళ్లడాక్టరు (శ్రీకాకుళం):
జోరు సంగతి మనిషిని బట్టి, హెల్మెట్టును బట్టి కాదు. గేదెల సంగతికి వస్తే, సైకిలుకు చేసిన చాలా తేలిక రకాల్లో చెవుల దగ్గర రంధ్రాలు ఉంటాయి, మోటోక్రాస్‌దానికంటే బాగా వినపడుతుంది. అది మీ మాటకే ఎదురు తిరుగుతోంది.

కానీ మార్చే మాట మాత్రం గట్టిది మావయ్యగారూ. దానికి నా దగ్గర సూటి జవాబు లేదు. కొన్ని కంపెనీలు పడి పాడైన హెల్మెట్టు స్థానంలో కొత్తది తగ్గింపు ధరకు ఇస్తాయి. అది మన దేశంలో కొన్నదానికి వర్తిస్తుందో లేదో బిల్లు కట్టే ముందే అడిగి రాయించుకోవాలి.

వంశధార (ఆమదాలవలస):
నేనూ ఒప్పుకుంటున్నాను, ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాదనల్లో అదే గట్టిది. అయినా మోటోక్రాస్‌దాని బరువు మెడ మీద పడుతుంది కదా. పడినప్పుడు తలతో పాటు ఆ కిలోన్నర కూడా ఊగుతుంది.

చంపావతి, పేర్లు కావాలంటే చిన్ బార్ ఊడని తేలిక రకంలో ఫాక్స్ ప్రోఫ్రేమ్, ట్రాయ్ లీ స్టేజ్ చూడు. రెండింటికీ ఎఫ్1952 ఉంది, రెండూ తొక్కుతూ ఎక్కడానికి చేసినవే. పదిహేను వేలకు దొరకడం కష్టం. పాత ఏడాది రంగులు తగ్గింపులో వచ్చేదాకా ఆగగలిగితే ఆగు. ఆగేలోపు ఆ గ్రావెల్ వాలు నడిచి దిగు.

చంపావతి_ఒడ్డు (నెల్లిమర్ల):
అందరికీ థాంక్స్. మా వాడికి ఎక్స్‌రే తీయించాం, ఎముకకు ఏం కాలేదు. ముందు టైర్లు మారుస్తున్నాను, మావయ్యగారికి సగం మార్కులు. హెల్మెట్టు మాత్రం ఎఫ్1952 ఉన్నదే, చిన్ బార్ ఊడనిదే. డబ్బులు కూడేదాకా ఆగుతాను. నా తల చుట్టుకొలత 58 వచ్చింది. ఆ పట్టికలో మీడియంకు చివర, లార్జ్‌కు మొదట పడుతోంది. ఏది తీసుకోవాలి?

జడగంటలు (విజయనగరం):
రెండూ పెట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు. మధ్యలో పడితే సాధారణంగా చిన్నదే మేలు, మెత్తలు వాడేకొద్దీ అణిగి వదులవుతాయి. కొన్నింటికి డబ్బాలోనే వేరే మందం మెత్తలు ఇస్తారు. మాకు పంపిన ఆ మీడియం చివరికి మా తమ్ముడి తలకు పట్టింది, వాడి దగ్గరే ఉంది. విజయనగరం కోట దగ్గరికి ఆదివారం పొద్దున్నే వస్తే తెమ్మంటాను, పెట్టి చూసుకోండి. కొనడానికి కాదు, వాడు ఒకసారి పడ్డాడు.

పాతసైకిలు_మావయ్య (సాలూరు):
నేనూ వస్తాను. నా మోటోక్రాస్‌ది తెస్తాను, రెండూ తూకం వేద్దాం. కిలోన్నర ఉంటే బరువు సంగతి ఒప్పుకుంటాను. ధర సంగతి ఒప్పుకోను.