సమస్యాపూరణం: “మాడినట్టి పిండి మధురమయ్యె”

నిర్వాహకుడు, పర్లాకిమిడి:

సభ్యులందరికీ నమస్కారం. ఈ పక్షం సమస్య ఆటవెలదిలోని నాలుగవ పాదం. మూడు పాదాలు మీరు కట్టి దీనికి జత చేయాలి.

“మాడినట్టి పిండి మధురమయ్యె”

ఇంట్లో నలుగురికీ పంచిపెట్టుకునే వంటకమేదో ఒకటి పద్యంలో ఉండి తీరాలన్నది ఈసారి నియమం. మాడిన వంటను మన ఇళ్లలో ఎవరూ మెచ్చరు, పైగా మాడ్చిన మనిషిని పండుగ పూటంతా దెప్పిపొడుస్తారు. అటువంటిది తీపి ఎలా అయిందో చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటువైపు చేరిన నాటి నుండి మన వంటిళ్లలో రెండు భాషలు కలిసే ఉడుకుతున్నాయి కనుక, పొరుగింటి పొయ్యి వైపు కూడా ఒక చూపు వేయమని సూచన. గణాలూ యతులూ ఎలాగూ చూస్తాము. వంట తెలిసినవారు వంటను కూడా పరీక్షించవచ్చు.

మహేంద్రతనయ ఒడ్డు నుండి ఒక సభ్యుడు, పర్లాకిమిడి:

అరటియాకుఁ జుట్టి యవ్వ నిప్పులలోన
రాత్రి పూఁడ్చిపెట్టె రజకు ముందు;
తెల్లవాఱి విప్పఁ దియ్యని పొగతావి –
మాడినట్టి పిండి మధురమయ్యె.

వివరణ: ఇది పోడొ పిఠా. మా వీధిలో ఒడియా వారి ఇళ్లలో జూన్ నడుమ మిథున సంక్రాంతికి వచ్చే రజ పండుగ మూడు రోజులూ భూమికి విశ్రాంతి అంటారు. నాగలి కదలదు, ఆడవాళ్లు రుబ్బురోలు ముట్టరు, పిల్లలు ఊయలలు దిగరు. అందుకని పిండివంటలు ముందే సిద్ధమవుతాయి. ఒక కొలత మినప్పప్పుకు రెండు కొలతల బియ్యం నానబెట్టి రుబ్బి పులియబెడతారు. అందులో బెల్లమూ కొబ్బరి ముక్కలూ దంచిన అల్లమూ యాలకులూ కలిపి, అరటాకులో చుట్టి, కిందా మీదా నిప్పులు పేర్చి రాత్రంతా వదిలేస్తారు. ఒడియాలో ‘పోడొ’ అంటే కాలినది, మాడినది అనే అర్థం. కొండ వాలును కాల్చి చేసే పోడు సేద్యం గుర్తున్నవారికి ఈ మాట కొత్త కాదు. సమస్య చూడగానే, మనకు తప్పుగా వినిపించే మాట వాళ్లకు వంటకం పేరే కదా అనిపించింది.

నిర్వాహకుడు:

గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో ‘అ’కు ‘యవ్వ’లోని అకారంతోనూ, మూడవ పాదంలో ‘తె’కు ‘ది’తోనూ యతి చక్కగా కుదిరింది. ‘పొగతావి’ అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను, ఆకు విప్పిన క్షణం అందులో ఉంది. నాకున్న పేచీ ఒక్కటే. ‘పూఁడ్చిపెట్టె’ అనగానే మనసు వంటింటిని వదిలి శ్మశానం వైపు నడుస్తుంది, అందులోనూ కర్త అవ్వ. “రాత్రి దాఁచియుంచె రజకు ముందు” అంటే గణం చెడదు, అవ్వకూ క్షేమం.

పర్లాకిమిడి సభ్యుడు:

అయ్యా, మా అవ్వ చదివి నవ్వి, మార్చమనే చెప్పింది. ‘దాఁచియుంచె’గా స్వీకరించండి.

గుణుపురం మాస్టారు:

నేను మాడకుండానే పూరించాను. వంశధార ఒడ్డున మా ఊళ్లో సంక్రాంతి ముందు వారం మిల్లు దగ్గర తడిబియ్యపు గిన్నెలు వరుస కట్టి ఉంటాయి. అదే ఈ పద్యానికి ఆధారం.

ఒక్క రేయి నాన్చి యుదయానఁ దడియార్చి
బెల్లపాకమందు వేసి కలుపఁ
బేట మిల్లులోనఁ బిన్నమ్మ తడిబియ్య
మాడినట్టి పిండి మధురమయ్యె.

మూడవ పాదం చివరి ‘తడిబియ్య’, సమస్యలోని మొదటి అక్షరం కలిస్తే ‘తడిబియ్యము ఆడినట్టి పిండి’ అవుతుంది. మాడడం అన్న ప్రసక్తే లేదు.

కాశీనగరం అక్కయ్య:

మాస్టారూ, విరుపు చూసి అసూయ కలిగింది. ఇంత సులువుగా ‘మ’ను ముందు పాదానికి అప్పగించవచ్చని నాకు తోచలేదు. అయితే మీరు అరిసెలు తిన్నారే తప్ప ఎన్నడూ వండలేదని మొదటి పాదమే చెబుతోంది. ‘తడియార్చి’ అన్నారు. తడి ఆరిపోయిన పిండితో అరిసె చేస్తే నూనెలో వేయగానే పగుళ్లు విచ్చి ఇసుకలా రాలిపోతుంది. నానిన బియ్యంలో నీరు మాత్రం ఓడ్చి, చెమ్మ ఉండగానే ఆడించి, వచ్చిన పిండిని గాలి తగలకుండా గిన్నెలో అదిమి మూత పెట్టుకోవాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం వేసి, పాకం చుక్కను నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే దాకా ఉంచి, దింపిన తరువాతనే ఒకరు పిండి పోస్తుండగా ఇంకొకరు కలపాలి. ఒక్క మనిషి వల్ల అయ్యే వంట కాదిది, అందుకే మా అత్తగారు అరిసెల రోజున వీధిలో ఎవరితోనూ తగవు పడేవారు కాదు. మీ పాదాన్ని “ఒక్క రేయి నాన్చి యుదయాన నీరోడ్చి” అని మార్చుకోండి, గణాలకు లోటు రాదు.

నిర్వాహకుడు:

అక్కయ్య గారి సవరణ వంటకూ ఛందస్సుకూ కూడా సరిపోయింది. వ్యాకరణం వైపు నుండి నాదొక అభ్యంతరం ఉంది. ఆడేది మిల్లు, ఆడించేది పిన్నమ్మ. ‘పిన్నమ్మ ఆడినట్టి పిండి’ అంటే పిన్నమ్మే తిరుగలిరాయి అయిపోతుంది. ‘గానుగాడిన నూనె’ అన్నట్టు ‘మిల్లులో ఆడిన పిండి’ అనవచ్చు కనుక, కర్తను తప్పిస్తే చిక్కు తీరుతుంది. “బేట మిల్లులోన వేడిగాఁ దడిబియ్య” అంటే ఎలా ఉంటుందో చూడండి. మిల్లు మూతి దగ్గర సంచి పట్టుకున్న వారికి ఆ వేడి అరచేతుల్లో తెలుస్తుంది.

గుణుపురం మాస్టారు:

పిన్నమ్మను వదులుకోవడం కష్టంగానే ఉంది కాని ఒప్పుకుంటున్నాను. పొరుగు ఒడియా వారి ‘అరిసా పిఠా’ను కూడా పద్యంలోకి తేవాలని చూశాను గాని చోటు దొరకలేదు. పిండీ బెల్లమూ పేరూ ఒకటే అయినప్పుడు రెండుసార్లు చెప్పడం పునరుక్తి దోషమేమో.

జయపురం సభ్యురాలు:

మధ్యలో ఒక సందేహం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మా కోరాపుట్ కాలాజీరా బియ్యంతో అరిసెలు చేయవచ్చునా అక్కయ్యా?

కాశీనగరం అక్కయ్య:

చేయవచ్చు, చేయకూడదు. వాసన కోసం కొన్న బియ్యాన్ని నూనెలో వేయించడమెందుకు? దానితో పరమాన్నం వండి గిన్నె మూత తీసి పెట్టు, పిలవకుండానే పొరుగువారు వస్తారు. ఇక నా పూరణ.

మూఁకుడందు రొట్టె మూత వేసి మఱచె
అమ్మ పొరుగువారి మాట వినుచు;
అడుగుచెక్క గీరి యమ్మ పంచి యిడఁగ
మాడినట్టి పిండి మధురమయ్యె.

ఇది మినపరొట్టె. ఇనుప మూకుడులో సన్న సెగ మీద మగ్గే రొట్టెకు అడుగున కట్టే ఎర్రటి చెక్క కోసం మేము నలుగురు పిల్లలం కాచుకుని కూర్చునేవాళ్లం. దాని మీద బెల్లం తరుగు చల్లుకుంటే అదే మా మిఠాయి.

గుణుపురం మాస్టారు:

అక్కయ్య గారూ, ఇప్పుడు నా వంతు. రెండవ పాదంలో ‘అ’కూ ‘మా’కూ యతి ఎక్కడ కుదిరిందో సెలవివ్వండి. ప్రాసయతి అనుకుందామన్నా ‘మ్మ’కు ఎదురుగా ‘ట’ నిలబడి ఉంది. పైగా అమ్మ రెండు పాదాల్లో రెండుసార్లు వచ్చింది. “మాట కలిపి పొరుగుమనిషితోడ” అంటే మొదటి మాటే యతిని తెచ్చుకుంటుంది, మూడవ పాదంలోని అమ్మ ఒక్కతే మిగులుతుంది.

కాశీనగరం అక్కయ్య:

నీరోడ్చిన దానికి ప్రతీకారం తీర్చుకున్నారు. సవరణ బాగుంది, తీసుకుంటాను.

నిర్వాహకుడు:

‘తోడ’ దగ్గర వాక్యం ముగిసింది కనుక ‘అడుగు’ అన్న అచ్చును విసంధిగా, అంటే సంధి చేయని దోషంగా, పట్టించుకోనక్కరలేదు. ఈ పూరణలో మాడడం నిజంగా మాడడమే, పదాల విరుపు కూడా లేదు. సమస్యను నేరుగా ఎదుర్కొన్న పద్యంగా దీనికి నా ఓటు ఎక్కువ.

బరంపురం వకీలు గారు:

పాలు విరిచి పిండి పంచదారనుఁ జేర్చి
యడవియాకుఁ జుట్టి యదిమి కాల్ప
బట్టి నుండి తీయఁ బైపైన నలుపెక్కి
మాడినట్టి పిండి మధురమయ్యె.

నయాగఢ్ వైపు పుట్టిన ఛెనా పోడొ ఇది. సాలాకుల్లో చుట్టి కాలుస్తారు. మా ఊరి అప్పడాలూ పచ్చళ్లూ పేరుపొందినవే కాని, పెళ్లివారింటికి వెళ్లేటప్పుడు నేను పట్టుకెళ్లేది మాత్రం దీనినే.

నిర్వాహకుడు:

వకీలు గారూ, పద్యం నడక ఈ వరుసలోకెల్లా నున్నగా ఉంది. దోషం వాదంలో ఉంది. ఛెనా అంటే పాలవిరుగు, పిండి కాదు. సమస్యలో పిండి అని ఉన్నప్పుడు పాలవిరుగును ఎలా ప్రవేశపెడతారు?

బరంపురం వకీలు గారు:

లీటరు పాల ఛెనాకు రెండు చెంచాల రవ్వ కలుపుతాము. అది పిండి కాదా? అదీ గాక మొదటి పాదంలో ‘పిండి’ అనే ఉంది.

కాశీనగరం అక్కయ్య:

రవ్వ పిండి అయితే ఉప్మా కూడా పిండివంటే అవుతుంది. మొదటి పాదంలో ‘పిండి’ అంటే నీరు పోయేలా పిండడం. ఆ పిండీ ఈ పిండీ ఒకటి కావు. రెండు పిండులతో ఆడుకోవాలన్న ఊహ మాత్రం బాగుంది.

నిర్వాహకుడు:

ఛందస్సులో ఉత్తీర్ణులు, వంటలో కాదు. పద్యాన్ని వరుసలో ఉంచుతాను గాని ఎంపికకు తీసుకోను.

జయపురం సభ్యురాలు:

నేను ప్రశ్నగా మలిచాను.

మినుము వేఁచునపుడు మెల్లగాఁ గలుపవే
మంట తగ్గఁ జేసి మఱదలమ్మ!
నేయి గుడము కలిపి నిండుగాఁ బోసిన
మాడినట్టి పిండి మధురమయ్యె?

సున్నుండలకు మినుములు వేయిస్తున్న మరదలికి వదిన చెప్పే మాట. కమ్మటి వాసన వచ్చాక అరనిమిషం ఏమరిస్తే చేదు ఎక్కుతుంది, ఆ తరువాత ఎంత నెయ్యి పోసినా దిగదు.

గుణుపురం మాస్టారు:

కాకువుతో, అంటే ప్రశ్నించే స్వరంతో అర్థాన్ని తిప్పి, తప్పించుకోవడం పాత దారే, నేరం కాదు. అయితే ‘గుడము’ అన్న మాట ఏ వదిన నోటా రాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠం చెప్పిన పర్లాకిమిడికి ఇంత దగ్గరలో ఉండి, బెల్లాన్ని బెల్లం అనడానికి వెనుకాడితే ఎలా?

జయపురం సభ్యురాలు:

మాస్టారూ, మా పక్కింటి ఒడియా అత్తగారు రోజూ ‘గుడొ’ అనే అడుగుతారు. నేను నిఘంటువు నుండి తేలేదు, వారి గిన్నెలో నుండి తెచ్చాను.

నిర్వాహకుడు:

ఈ సమాధానం విన్నాక ఆ మాట ఉండనివ్వాల్సిందే.

పర్లాకిమిడి సభ్యుడు:

మన్నించాలి, నా పూరణకు మళ్లీ వస్తున్నాను. నిన్న సాయంత్రం పద్యాన్ని మా ఎదురింటి ఒడియా మావుసికి (పిన్నిగారికి) అర్థం చెప్పి వినిపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి, పిఠా మాడితే వండినామె పరువు పోతుంది, నల్లగా మాడవలసింది ఆకు, పిండి అంచు ఎర్రబడితే చాలు అన్నారు. పద్యానికి వచ్చిన మెప్పంతా ఆ మాటతో ఆకుకే దక్కింది. మూడవ పాదం ఇలా మార్చాను.

అరటియాకుఁ జుట్టి యవ్వ నిప్పులలోన
రాత్రి దాఁచియుంచె రజకు ముందు;
ఆకు మసిగ మాఱి యంచు లెఱ్ఱగఁ గాలి
మాడినట్టి పిండి మధురమయ్యె.

కాశీనగరం అక్కయ్య:

‘ఎఱ్ఱగఁ గాలి’ని తొందరలో చదివితే ఎర్రటి గాలి వీచినట్టుంది. అయినా వంట ఇప్పుడు సరిగ్గా కుదిరింది.

నిర్వాహకుడు:

సరే గాని, ఈ మార్పుతో ‘పొగతావి’ పోయింది, తెల్లవారి ఆకు విప్పడమూ పోయింది. మావుసి గారి మాట నిజమే అయినా నాకు ఆ పాదం మీద మమకారం చావడం లేదు. రెండు పాఠాలనూ ఉంచుతున్నాను. ఆవిడను ఇంకొకటి అడిగి చెప్పండి: ఆకు విప్పినప్పుడు అంచుకు అంటుకుని ఊడి వచ్చే ఆ నల్లటి పొరను వాళ్ల ఇంట్లో పిల్లలు పారేస్తారా, తింటారా?

పర్లాకిమిడి సభ్యుడు:

అడిగాను. దాని కోసమే కొట్టుకుంటారట.