ఇంజిన్ ఆగిపోతే వీ1, వీ2, వీఎంసీఏ: ఏ వేగం దేనికి?

కొత్తరెక్కలు: రెండింజిన్ల విమానం రేటింగ్ (నడిపే అర్హత) కోసం చదువుతున్నాను. టేకాఫ్ ఆపాలా, కొనసాగించాలా అన్న నిర్ణయానికి చివరి వేగమైన వీ1 వచ్చాక కూడా ఒక్క క్షణం ఆలోచించి టేకాఫ్ ఆపే వీలుంటుందా? వీ2, వీఎంసీఏ రెండూ ఒక ఇంజిన్ ఆగిన స్థితికే చెందినవి కదా, మరి వేర్వేరు నిర్వచనాలు దేనికి? అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

కుడిసీటు: ఆలోచన అప్పటికే ముగిసి ఉండాలండీ. ఆపదలచుకుంటే, బ్రేకులు వేయడమో థ్రస్ట్ లీవర్లు (ఇంజిన్ శక్తిని పెంచే, తగ్గించే మీటలు) వెనక్కి లాగడమో, ఏదో ఒక తొలి చర్య వీ1 నాటికే మొదలై ఉండాలి. అందుకే "వీ వన్" అన్న మాట వినబడగానే లీవర్ల మీది నుంచి చెయ్యి తీసేస్తాం. తడి రన్‌వే మీద ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది కనుక వీ1ను తగ్గిస్తారు. అలా తగ్గించినందుకు, ఇంజిన్ ఆగిన విమానం లెక్కలో రన్‌వే చివర 35 అడుగులకు బదులు 15 అడుగుల ఎత్తులో దాటినా నిబంధనలు ఒప్పుకుంటాయి.

సిమ్‌గురువు: రెండో ప్రశ్నకు వస్తాను. పనిచేసే ఇంజిన్ ముక్కును పక్కకు తిప్పేస్తుంటే, రడ్డర్ (తోక మీద దిశ తిప్పే పలక) పెడల్‌ను పూర్తిగా తొక్కి, రెక్కను 5 డిగ్రీలకు మించకుండా వంచి, దిశ నిలపగలిగే కనీస వేగమే వీఎంసీఏ. వీ2 అంటే ఒక ఇంజిన్ ఆగినా సురక్షితంగా పైకి ఎక్కడానికి పట్టుకోవలసిన వేగం. రెండింజిన్ల జెట్‌కు అది స్టాల్ (రెక్కలు విమానాన్ని మోసే శక్తి కోల్పోవడం) ప్రామాణిక వేగానికి 1.13 రెట్లకూ, వీఎంసీఏకు 1.10 రెట్లకూ తగ్గకూడదు. బరువుగా ఉన్నప్పుడు మొదటి షరతు వీ2ను నిర్ణయిస్తుంది, తేలికగా ఉన్నప్పుడు రెండోది నిర్ణయించవచ్చు. టర్బో లేని పిస్టన్ విమానంలో ఎత్తు పెరిగేకొద్దీ శక్తి తగ్గి వీఎంసీఏ పడిపోతుంది, వేగసూచిక మీది స్టాల్ వేగం మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. కనుక ఎత్తులో సాధన చేసేటప్పుడు దిశ తప్పకముందే స్టాల్ వచ్చే ప్రమాదముంది. ఈ సంగతి చాలామంది శిక్షణార్థులు పట్టించుకోరు.

ఇక ఏ ఇంజిన్ ఆగిందో కంగారులో తేల్చకండి. దిశ నిలపడానికి రడ్డర్ తొక్కుతున్నప్పుడు ఏ కాలికి పని లేదో ఆ వైపు ఇంజినే ఆగినట్టు. అయినా దాని థ్రాటిల్ (శక్తి మీట) కదిపి నిర్ధారించుకున్నాకే ఆపాలి. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్‌ఏషియా 235, ఒక ఏటీఆర్ 72-600, టేకాఫ్ తర్వాత రెండో ఇంజిన్ శక్తి కోల్పోగా, బాగా పనిచేస్తున్న మొదటి ఇంజిన్‌ను పైలట్లు తగ్గించి ఆపేశారు. 43 మంది చనిపోయారు.

కుడిసీటు: దిగడం సంగతి కూడా చేరుస్తాను. బోయింగ్ 737లో ఒక ఇంజిన్‌తో దిగేటప్పుడు ఫ్లాప్స్‌ను (రెక్కల అంచున దించే పలకలను) మామూలుగా వాడే 30 లేదా 40 స్థానానికి బదులు 15లో వాడతాం. మళ్లీ పైకి వెళ్లవలసి వస్తే ఎక్కే శక్తి మిగలాలన్నదే కారణం. ఫ్లాప్ తగ్గితే వీరెఫ్ (దిగేటప్పటి ప్రామాణిక వేగం) పెరుగుతుంది, రన్‌వే కూడా ఎక్కువ కావాలి.

కొత్తరెక్కలు: అయితే మా చిన్న విమానంలోనూ వీ2 పట్టుకుంటే ఎక్కుతుందనే అనుకోవచ్చా, సార్?

సిమ్‌గురువు: అనుకోకండి. చిన్న పిస్టన్ విమానాల్లో చాలావాటికి వీ1, వీ2 హామీలు వర్తించవు. వేగసూచికపై ఎర్రగీత వీఎంసీఏను, నీలిగీత ఒక ఇంజిన్‌తో అతి వేగంగా ఎక్కగలిగే వేగాన్ని చూపుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం నిండు బరువుతో ఉంటే, నీలిగీత మీద ఉన్నా విమానం ఎక్కకపోవచ్చు. చక్రాలు ఇంకా దించే ఉండి, ముందు రన్‌వే మిగిలి ఉంటే, రెండు థ్రాటిళ్లూ మూసి ఎదురుగానే దిగండి.