ఒక పిల్లకు పుట్టుశుక్లం: ఆ ఫెర్రెట్ జతను మళ్లీ కలపవచ్చా?

కూనలగూడు: మా ఫెర్రెట్‌కు (ముంగిసను పోలిన పెంపుడు జంతువు) ఆరు పిల్లల ఈత, ఎనిమిదో వారం. ఒకదానికి రెండు కళ్లలోనూ తెల్లటి శుక్లం. తల్లీతండ్రీ చూపు బాగానే ఉంది. జత కలపడం ఆపేయాలా?

నేలమాళిగ: ఒక్క పిల్లను చూసి వంశానికే ముద్ర వేయొద్దు. తిండిలో కొవ్వు ఎక్కువైనా, విటమిన్ ఇ, ప్రొటీన్ తగ్గినా శుక్లం రావచ్చన్న అనుమానం ఫెర్రెట్ల విషయంలో పాతదే. ముందు తల్లి తిండి సరిచేయండి.

కనుపాప: తిండే కారణమైతే అదే పాలు తాగిన మిగతా ఐదింటిలో ఏ ఛాయా లేకపోవడమేమిటి? రెండు కళ్లకూ వచ్చింది, అదీ ఇంత చిన్న వయసులో. నా మొదటి అనుమానం వంశం మీదే. ఇది అంతర్గత లక్షణమనుకుంటే (రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడేది), తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులు, అంటే లోపాన్ని పైకి కనపడకుండా మోసేవి. చక్కగా కనిపించే పిల్లల్లో ఒక్కోటీ వాహకమయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. అంటే వాటినీ ఈతకు ఉంచకూడదు. ఇక చిన్నకన్ను (మైక్రోఫ్తాల్మియా) ఫెర్రెట్లలో ప్రబల లక్షణంగా సంక్రమించిన దాఖలా ఉంది. దానికి తల్లి నుంచో తండ్రి నుంచో, ఒక్కరి నుంచి వస్తే చాలు.

నేలమాళిగ: సరే, అది నిజంగా పుట్టుకతో వచ్చిందేనా? ఫెర్రెట్ పిల్లల కళ్లు 30–35 రోజులకు గానీ తెరుచుకోవు. ఈలోపు కొన్నిసార్లు మూసిన రెప్పల వెనక చీము పట్టి రెప్ప ఉబ్బుతుంది. వైద్యుడు రెప్పల అంచు విడదీసి, సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్ లేపనం పెట్టాలి. ఆలస్యమైతే కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మీద తెల్లమచ్చ మిగలవచ్చు. దాన్నే శుక్లం అనుకునేవాళ్లు ఎందరో!

కనుపాప: ఈ మాటకు నేనూ ఒప్పుకుంటాను. మచ్చ పైపొరలో ఉంటుంది, శుక్లం కంటిపాప వెనక లెన్సులో ఉంటుంది. పక్కనుంచి సన్నటి వెలుగు వేస్తే తేడా తెలుస్తుంది.

దీపకాంతి: మరి తల్లిదండ్రులకు 'చూపు బాగుంది' అని ఎలా తేల్చారు? చెయ్యి ఆడిస్తే రెప్ప వేయడం ఫెర్రెట్లలో నమ్మదగ్గ పరీక్ష కాదు. వాసనతో, వినికిడితో నెట్టుకొచ్చే జంతువు, గుడ్డిదైనా తెలిసిన గదిలో తడబడదు. ఆస్పత్రిలో 1% ట్రోపికమైడ్ చుక్క వేయించి, పాప విచ్చుకున్నాక చీకటి గదిలో లెన్సు, రెటీనా చూడాలి. రంగు కళ్లలో పాప ఆలస్యంగా విచ్చుకుంటుంది, తొందరపడితే అంచున ఉన్న చిన్న శుక్లం దొరకదు. ఈతలోని ఆరింటికీ ఇదే పరీక్ష. పిల్లలకు కొన్ని నెలల తర్వాత మరోసారి.

నేలమాళిగ: అందరివీ శుభ్రంగా ఉంటే?

కనుపాప: అయినా ఈ జతను మళ్లీ కలపను. వాహకుల లెన్సు మామూలుగానే ఉంటుంది.

నేలమాళిగ: నేనైతే చెరొకదాన్ని సంబంధం లేని వంశంతో కలుపుతాను.

కనుపాప: అప్పుడు లోపం బయటపడదు, వ్యాపిస్తుంది.

దీపకాంతి: ఆ పిల్ల సంగతి కూడా చూడండి. ఆపరేషన్ ఉంది గానీ ఇంత చిన్న కంటికి తప్పనిసరి కాదు. కన్ను ఎర్రబడినా, ఉబ్బినా మాత్రం వెంటనే చూపించాలి: లెన్సు కరిగి లోపల వాపు, ఆపైన గ్లాకోమా (కంటిలోపలి ఒత్తిడి పెరగడం) రావచ్చు. పలకరించకుండా ముట్టుకోకండి, ఉలిక్కిపడి కరుస్తుంది.