స్పీడ్ బ్రేకర్ వల్ల ఇల్లు అదురుతోంది: వాలు పొడిగిస్తే సరిపోతుందా?

మా వీధిలో బైకుల జోరు తగ్గాలని మూడు నెలల క్రితం చందాలు వేసుకుని మేస్త్రీతో సిమెంటు స్పీడ్ బ్రేకర్ వేయించాం. జోరు తగ్గిన మాట నిజమే. కానీ రోజూ ఉదయం 5 గంటలకు నీళ్ల ట్యాంకరు దాన్ని దాటితే మా కిటికీ అద్దాలు గలగలమంటున్నాయి. కార్ల అడుగుభాగమూ గీసుకుంటోంది. టేపుతో కొలిచాను: ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు (బండ్లు వెళ్లే దిశలో) 60. రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పేదేమో 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు! కట్టాక తెలుసుకున్నాం, అదీ మా తెలివి.

తెల్ల చారలు వేశాం, అంచులు చెక్కించాం, మున్సిపల్ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. ఫలితం లేదు. పూర్తిగా తీసేస్తే మళ్లీ బైకుల బెడద.

పైభాగం 10 సెంటీమీటర్లకు చెక్కించి, రెండు వైపులా తారుతో వాలు పొడిగిస్తే ట్యాంకరు అదురు తగ్గుతుందా?