ఫ్రెటర్నిటీ ఇంట్లో మత్తు నిషేధం, దానితోపాటు స్కాలర్‌షిప్: మా అబ్బాయిని అక్కడ ఉండమనవచ్చా?

ప్రశ్న: హాలియా సార్

నేను నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ తరువాత అమెరికాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. ఈ మే నెలతో మొదటి సంవత్సరం పూర్తవుతుంది. మన ప్రభుత్వం ఇచ్చే 20 లక్షల విదేశీ విద్యానిధి పీజీ, పీహెచ్‌డీ చదువులకే గాని డిగ్రీకి వర్తించదు కనుక, ఎకరంన్నర అమ్మగా వచ్చిన పైకానికి బ్యాంకు అప్పు కలిపి పంపించాము.

వాడు చేరబోయే ముందు, ఆ వేసవిలోనే, అక్కడి ఒక ఫ్రెటర్నిటీ (అబ్బాయిలు సభ్యులుగా చేరి కలిసి ఉండే విద్యార్థి సంఘం) చాప్టర్ వాళ్లు, అంటే ఆ విశ్వవిద్యాలయంలోని దాని శాఖవాళ్లు, వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చారు. తమలో చేరాలన్న షరతేమీ లేదన్నారు. ఇప్పుడు వాళ్లే సభ్యుడిగా చేరి వచ్చే ఏడాది తమ చాప్టర్ ఇంట్లో ఉండమని పిలుస్తున్నారు. అది ‘సబ్‌స్టెన్స్ ఫ్రీ’ ఇల్లు, అంటే మద్యం గాని, గంజాయి గాని, మరే మత్తు పదార్థం గాని గడప దాటి లోపలికి రాకూడదట. డార్మిటరీ కంటే ఖర్చు కూడా తక్కువేనని మావాడు అంటున్నాడు. వాళ్లమ్మకు మాత్రం ఆ ఫ్రెటర్నిటీ అన్న మాట వింటేనే గుండె దడ. ఆ స్కాలర్‌షిప్ ఎర కాదు గదా? ఆ నిషేధం కాగితం మీదనేనా, నిజంగా అమలవుతుందా? సంతకం పెట్టే ముందు ఏమేమి అడగమనాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: జడ్చర్ల వాసి, ప్రస్తుతం ఒహాయో

నమస్తే సార్. నేను డిగ్రీలో రెండేళ్లు అలాంటి ఇంట్లోనే ఉన్నాను గనుక, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

స్కాలర్‌షిప్ సంగతి ముందు. అది ఎరే, కాకపోతే గాలం లేని ఎర. సిగ్మా ఫై ఎప్సిలాన్ సంస్థ చాప్టర్లు ‘బ్యాలెన్స్‌డ్ మ్యాన్’ పేరుతో కొత్తగా వచ్చే అబ్బాయిలకు ఇలాంటివే ఇస్తాయి, సభ్యత్వం తీసుకోనక్కరలేదు. దరఖాస్తులు, ఇంటర్వ్యూల వల్ల చదువుకునే పిల్లలెవరో వాళ్లకు తెలుస్తుంది, ఆ పరిచయమే వాళ్లకు లాభం. మీవాడు ఆ డబ్బు తీసుకున్నందుకు ఎవరికీ రుణపడి లేడు.

ఇక నిషేధం. ఫై డెల్టా థీటా అనే పాత సంస్థ 1997లో ఈ విధానాన్ని ప్రకటించి, 2000 జూలై 1 నుంచి తన ఇళ్లన్నింటిలో మద్యం ఉండకూడదని కట్టడి చేసింది. బీటా థీటా పై 2018లో తీర్మానించి 2020 ఆగస్టుకు గడువు పెట్టుకుంది. ఫ్రెటర్నిటీల ఉమ్మడి సంఘం కూడా, లైసెన్సు ఉన్న బయటి విక్రేత పోస్తే తప్ప, 15 శాతానికి మించి ఆల్కహాల్ ఉన్న మద్యాన్ని 2019 సెప్టెంబరుకల్లా ఇళ్లలో, కార్యక్రమాలలో మాన్పించాలని నిర్ణయించింది. ఇదంతా నీతి మీద ప్రేమతోనే జరిగిందని నేను అనను. ప్రమాదాల తరువాత పడే దావాలు, పెరిగే బీమా ఖర్చు వాళ్లను అటు నెట్టాయి. కారణం ఏదైనా ఇల్లు మాత్రం బాగుపడుతుంది. మా ఇంటి నేలమాళిగలో పాత బార్ బల్ల అలాగే ఉండేది, దానిమీద మేము థర్మోడైనమిక్స్ లెక్కలు చేసుకునేవాళ్లం. వాన పడిన రోజున మాత్రం పాత బీరు వాసన చెక్కలో నుంచి పులిసినట్టు పైకి వచ్చేది.

అయితే మావాళ్లు తాగడం మానేశారా అంటే, లేదు. శుక్రవారం రాత్రి రెండు వీధుల అవతల, సీనియర్లు అద్దెకు తీసుకున్న ఇంటికి పోయేవారు. నిషేధం ఇంటికే, మనుషులకు కాదు. మీరు అడగవలసింది ఆ రెండో ఇంటి గురించి.

జవాబు: పాలమూరు పాత వార్డెన్

పై మిత్రుడు చెప్పినదానిలో ముఖ్యమైన ముక్క ఒకటి మిగిలింది. ఫై డెల్టా థీటా పేరు మెచ్చుకోలుగా చెప్పారు గాని, నిషేధం అమలులోకి వచ్చిన పదిహేడేళ్లకు, 2017 సెప్టెంబరులో, లూసియానా స్టేట్ యూనివర్సిటీలోని అదే సంస్థ చాప్టర్‌లో కొత్తగా చేరుతున్న 18 ఏళ్ల పిల్లవాడు, సీనియర్లు పట్టుబట్టి తాగించిన మద్యంతో ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం అలాంటి వేధింపును తీవ్ర నేరంగా మార్చే చట్టం తెచ్చుకుంది. మనకు 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చిందన్న సంగతి మీకు తెలిసిందే. చట్టం తరువాత ఎంత ఆగిందో కూడా తెలిసిందే.

పూర్వ విద్యార్థుల డబ్బుతో ఇల్లు, దాతల పేరు మీద ఉపకార వేతనం, లోపల కట్టుబాట్లు: ఇవి మనకు కొత్తవి కావు. వనపర్తి ప్రాంతం నుంచి పోయి హైదరాబాదు కొత్వాలైన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి హాస్టల్ వెలసింది. మన సురవరం ప్రతాపరెడ్డి అక్కడ నిర్వాహకుడిగా ఉన్నారు. అలాంటి చోట కట్టుబాటు నిలిచేది గోడమీద రాసినందువల్ల కాదు, పిల్లలతో కలిసి భోజనానికి కూర్చునే ఒక పెద్దమనిషి ఉన్నందువల్ల. నా ఇరవైయేళ్ల వార్డెన్ ఉద్యోగంలో రాత్రి పదిన్నరకు చెప్పుల చప్పుడు లేకుండా ఒక్క చుట్టు తిరిగితే చాలు, ఏ గదిలో ఏముందో తెలిసిపోయేది. కనుక సార్, ఆ ఇంట్లో రాత్రి నిద్రపోయే పెద్దవాడు ఎవరో కనుక్కోండి. సభ్యుడైన ఇరవయ్యేళ్ల పిల్లవాడే ఇంటి మేనేజరైతే, ఆ నిషేధాన్ని నేను నమ్మను.

జవాబు: లెక్కల మనిషి, సూర్యాపేట

డబ్బు, వీసా సంగతులు ఎవరూ ముట్టలేదు. స్కాలర్‌షిప్‌లో ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు పోయే భాగం మీద అమెరికా ఆదాయపు పన్ను లేదు. అద్దెకు, భోజనానికి సర్దితే ఆ భాగం పన్ను కిందికి వస్తుంది, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారికి సాధారణంగా 14 శాతం ముందే పట్టుకుంటారు. రేపు ఇంటి అద్దెలో రాయితీని కూడా స్కాలర్‌షిప్ పేరుతో ఇస్తామంటే, దాన్ని ఏ పద్దు కింద చూపుతారో రాతపూర్వకంగా అడగాలి.

గంజాయి విషయంలో తల్లిదండ్రులు తేలికగా తీసుకుంటున్నారు. ఉదాహరణకు ఒహాయోలో 2023 నవంబరు ఓటింగుతో 21 ఏళ్లు దాటినవారికి అది చట్టబద్ధమైంది గాని, వీసా చూసేది ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) చట్టం; దాని లెక్కలో గంజాయి ఇంకా నేరమే. పక్క గదివాడికి మందలింపుతో పోయేది మీవాడికి వీసా దగ్గర అడ్డుపడవచ్చు. మద్యం ఎలాగూ ఏ రాష్ట్రంలోనైనా 21 నిండితేనే కొనాలి. ఆ లెక్కన మీవాడికి ఈ నిషేధం ఒక కంచె.

2024 డిసెంబరులో వచ్చిన కొత్త ఫెడరల్ చట్టం ప్రకారం, కొత్తవారిని వేధించి నియమం తప్పిన సంఘాల పేర్లను విశ్వవిద్యాలయాలు బహిరంగంగా ప్రకటించాలి. ఆ నివేదికలో ఈ చాప్టర్ పేరు ఉందో లేదో ఐదు నిమిషాల పని, ముందు అది చేయండి.

హాలియా సార్, మళ్లీ

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి వాడితో మాట్లాడాను. నివేదికలో పేరు లేదు. ఇంట్లో ఉండే పెద్దవాడు ఒకరున్నారు, పీజీ చదువుతున్న వివాహితుడు. భార్యతో కింది అంతస్తులో ఉంటాడట. రెండో ఇంటి సంగతి అడిగితే మావాడు ఒక్క క్షణం మాట్లాడలేదు, తరువాత ‘ఉంది నాన్నా’ అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అది నాకు నచ్చింది. చేరిన ఏడాదిలో సభ్యత్వం వదిలినా అద్దె మొత్తం కట్టాలని ఒప్పందంలో ఉందట, ఆ పేజీ ఫోటో తీసి పంపమన్నాను. అది చదివి, వాళ్లమ్మకు చదివి వినిపించి, సంతకం సంగతి చూస్తాము.