వైజాగ్ బీచ్ దగ్గర సీనియర్ కమ్యూనిటీలు: వారమంతా తీరికే ఉండదంటున్నారు, నిజమేనా?

మలక్‌పేట_మేడమీద:
అమ్మకు 69, నాన్నకు 76. మలక్‌పేటలో పాత ఇల్లు, మేడమీద వాటా. నాన్న మోకాళ్లకు మెట్లు ఇక కుదరడం లేదు. రుషికొండకూ భీమిలికీ మధ్య ఉన్న ఒక సీనియర్ కమ్యూనిటీ బ్రోచర్ మా పిన్ని పంపింది. అందులో వారం టైమ్‌టేబుల్ చూసి అమ్మ మురిసిపోయింది. పొద్దున్నే బీచ్ వాక్, తర్వాత యోగా, పదింటికి విష్ణు సహస్రనామం, సాయంత్రం సంగీతం, రాత్రికి సినిమా. నాన్న అదే కాగితం చూసి "ఇది రిటైర్‌మెంటా, రెసిడెన్షియల్ కాలేజీయా? స్టడీ అవర్ ఒక్కటే తక్కువ" అన్నారు. అలాంటి చోట ఉన్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు ఎవరైనా ఉంటే అసలు వారం ఎలా గడుస్తుందో చెప్పండి.

భీమిలి_రోడ్డు:
మేమిద్దరం నల్లకుంట నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నాం. మీ నాన్నగారి మాట మా టేబుల్ దగ్గర చదివి వినిపిస్తే అందరూ పడీ పడీ నవ్వారు.

బ్రోచర్‌లో వేసేది మేనేజ్‌మెంట్ టైమ్‌టేబుల్. అందులో సగం జరగదు. జరిగేదల్లా మేం పెట్టుకున్నదే. ఉదాహరణకు నడక. ఇక్కడ హైదరాబాద్ కన్నా దాదాపు 20 నిమిషాల ముందే తెల్లారుతుంది. మే నెలలో ఆరు దాటితే ఎండ మొహాన కొడుతుంది, అందుకని మేం ఐదింటికే బయల్దేరతాం. మేనేజ్‌మెంట్ వాళ్ల యోగా మాస్టారు ఆరున్నరకు వచ్చేసరికి మేం కాఫీల్లో ఉంటాం.

సోమవారం నర్సు బీపీ, షుగర్ చూస్తుంది. ఎవరి అమ్మాయి ఎప్పుడొస్తోంది, ఎవరు ఫ్లాట్ ఖాళీ చేస్తున్నారు, అన్నీ ఆ లైన్లోనే తెలుస్తాయి. మంగళ, శుక్రవారాలు వ్యాను మధురవాడ వెళ్తుంది. బ్యాంకు, మందుల షాపు, టైలరు. సీటు కావాలంటే ముందురోజు రాత్రి బోర్డు మీద పేరు రాయాలి. ఆ బోర్డు దగ్గర జరిగే రాజకీయం అసెంబ్లీలో కూడా ఉండదు.

బుధవారం ఫోన్ క్లాసు. బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన యూపీఐ, మోసం కాల్స్ గురించి చెప్తారు. ఒకసారి క్లాసు మధ్యలోనే ఒకావిడకు 'డిజిటల్ అరెస్ట్' కాల్ వచ్చింది, పోలీసులమంటూ బెదిరించి డబ్బు గుంజే రకం. స్పీకర్‌లో పెట్టించాం. అవతలివాడు "మీ పేరు మీద వచ్చిన కొరియర్‌లో మత్తుమందులు దొరికాయి" అంటుంటే, వెనక కుర్చీలోంచి ఒకాయన "మామూలు మందులే టైముకు రావట్లేదు నాయనా, అవెలా వచ్చాయి?" అన్నారు. వాడు టక్కున పెట్టేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా అక్కడే ఇచ్చాం. ఆ క్లాసుకి ఇప్పుడు కుర్చీలు చాలడం లేదు.

శనివారాలు ఎవరో ఒకరు సింహాచలం కారు మాట్లాడతారు. అక్షయ తృతీయనాడు చందనోత్సవానికి మాత్రం మోకాళ్ల నొప్పుల వాళ్లను మేమే ఆపుతాం, ఆ క్యూ వాళ్ల వల్ల కాదు. నవంబర్ వచ్చిందంటే అన్నీ పక్కకు పోయి పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లే. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకు ఫోన్లో మొహం చూపించి చేసే పద్ధతి వచ్చాక కొంత నయం. అయినా "కళ్లు ఆర్పండి, ఆర్పండి" అంటూ ఒక్కొక్కరితో పావుగంట.

బ్రోచర్లో రాయనిది ఒకటుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. అప్పుడు ఏ కార్యక్రమమూ ఉండదు, నిద్ర పట్టనివాళ్లకు ఇల్లు గుర్తొచ్చేది అప్పుడే.

కూకట్‌పల్లి_కోడలు:
అంకుల్ చివర్లో చెప్పారు చూడండి, మా అత్తయ్యగారు తిరిగి వచ్చేసింది దాని వల్లే. వాళ్లున్నది వేరే కమ్యూనిటీ, అదీ సముద్రం పక్కనే. మామయ్యగారికి పగలంతా క్యారమ్స్, రాత్రంతా రమ్మీ. అత్తయ్యగారికి తీరిక లేకపోవడమంటే వంటింట్లో తీరిక లేకపోవడం. అక్కడ ఫ్లాట్‌లో కెటిలు పెట్టుకునే అరుగు తప్ప గ్యాస్ లేదు, పెద్ద వంటగదిలోకి రానివ్వరు. "కరివేపాకు దూసి పెడతానన్నా వద్దంటారే" అని ఫోన్లో ఏడ్చేవారు. మలక్‌పేట బ్రదర్, మీ అమ్మగారు టైమ్‌టేబుల్ చూసి మురిసిపోతే సరిపోదు, ఫ్లాట్‌లో పొయ్యి ఉందో లేదో చూడండి.

నాన్‌వెజ్ సంగతి కూడా అడగండి. సముద్రం ఎదురుగా పెట్టుకుని చేప ముక్క దొరకని కమ్యూనిటీలు ఉన్నాయి.

భీమిలి_రోడ్డు:
అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. మా దగ్గర ఆడవాళ్లు గొడవ చేసి గురువారం మధ్యాహ్నం వంటగదిని వాళ్ల చేతుల్లోకి తీసుకున్నారు. కారప్పొడి, కందిపొడి, సీజన్‌లో ఆవకాయ. డైనింగ్ హాల్లో ప్రతి టేబుల్ మీదా సీసాలు, మూతల మీద మార్కర్‌తో ఫ్లాట్ నంబర్లు. ఎవరి మాగాయ త్వరగా అయిపోతే వాళ్లకు ఆ వారం గొప్ప.

చేపల కూర మాకు ఆదివారం చేస్తారు, భీమిలి నుంచి వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలూ చెరువు చేపలే.

బాపు_బిడ్డ:
మాది కరీంనగర్ దిక్కు, నేను ఉప్పల్‌లో ఉంటాను. మా బాపు జీవితమంతా వ్యవసాయమే. అక్కడ కమ్యూనిటీలో యోగాకు రాడు, భజనకు రాడు, ఇంగ్లీషు పాటల సాయంత్రం పెడితే గదిలోంచి బయటకే రాలేదు. ఇక వాపసు తీసుకొద్దామనుకుంటుంటే ప్రహరీ వెనక కాస్త జాగా అడిగి మడులు కట్టాడు. మొదట సముద్రం వైపు వేసిన చిక్కుడు తీగ ఉప్పుగాలికి మాడిపోయింది. తర్వాత సరుగుడు చెట్ల చాటుకు మారిస్తే తోటకూర, వంకాయ మంచిగ వచ్చినయి. ఇప్పుడు పొద్దున ఆయన నీళ్లు పెట్టే టైముకు ఓ నలుగురు పెద్దమనుషులు చుట్టూ నిలబడి సలహాలిస్తుంటారు. వాళ్లలో ఒక్కరూ పార పట్టినవాళ్లు కాదు. బాపుకు అదే పెద్ద కాలక్షేపం.

సికింద్రాబాద్_60ప్లస్:
క్షమించాలి, నాకు ఈ సముద్రం పిచ్చి అర్థం కాదు. పొద్దున కేబీఆర్ పార్కు, సాయంత్రం చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏదో ఒక కచేరీనో పుస్తకావిష్కరణో. ఇరానీ చాయ్ ఉండనే ఉంది. డెబ్బై ఏళ్లు వచ్చాక కొత్తగా మనుషులను పరిచయం చేసుకునే ఓపిక ఎవరికుంటుంది?

భీమిలి_రోడ్డు:
సార్, గానసభ నాకూ ప్రాణం. కానీ చివరి రెండేళ్లలో నల్లకుంట నుంచి అక్కడికి ఎన్నిసార్లు వెళ్లానో అడగండి. ఆటో దిగి రోడ్డు దాటడానికే భయం. ఊళ్లో అన్నీ ఉండటం వేరు, మనం వెళ్లగలగడం వేరు. ఇరానీ చాయ్ విషయంలో మాత్రం మీదే గెలుపు. ఇక్కడికి హైదరాబాద్ నుంచి ఎవరొచ్చినా ముందు ఉస్మానియా బిస్కెట్ల డబ్బా అడుగుతాం.

ఫిజియో_ఉప్పల్:
మోకాళ్ల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. బీచ్ వాక్ అందరికీ మంచిది కాదు. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, నీళ్ల అంచున నేల వాలుగా ఉంటుంది. అరిగిన మోకాలికి రెండూ ఇబ్బందే. నాన్నగారిని సిమెంటు బాటమీదే నడవమనండి, బెంచీలున్న వైపు. రుషికొండ, ఆర్కే బీచ్‌ల దగ్గర లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, మోకాలి లోతే కదా అని దిగడాలు వద్దు.

ఇంకో విషయం, ఆ తేమకు షుగర్ స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంచితే రీడింగులు తేడా వస్తాయి. చెవి మిషన్ వాడేవాళ్లు రాత్రిపూట తేమ పీల్చే డబ్బాలో పెట్టాలి.

లెక్కల_మాస్టారు:
డబ్బు సంగతి క్లుప్తంగా. కొనడమా, డిపాజిట్ కట్టి ఉండటమా, నెల అద్దెనా తేల్చుకోండి. ఇద్దరిలో ఒకరు పోయాక రెండోవారి హక్కేమిటో, డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగిస్తారో కాగితం మీద ఉండాలి. కొనేట్లయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ చూడకుండా రూపాయి ఇవ్వొద్దు. సముద్రం ఒడ్డు కాబట్టి తీరప్రాంత నిబంధనల అనుమతీ అడగండి. భోజనం, వ్యాను, నర్సు మెయింటెనెన్స్‌లో కలిసి ఉన్నాయా, విడిగానా? టైమ్‌టేబుల్లో రాసిన కొన్నింటికి మనిషికింత అని తర్వాత బిల్లు వేసే చోట్లున్నాయి.

మలక్‌పేట_మేడమీద:
అందరికీ థాంక్స్. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించాను. వంటగది గొడవ విని అమ్మ ఇంకా ఉత్సాహపడింది. నాన్న మాత్రం ఒక నెల ఉండి చూద్దాం అన్నారు. సంక్రాంతి తర్వాత తీసుకెళ్దామనుకుంటున్నాను. 2020లో రైళ్లలో సీనియర్ల రాయితీ తీసేశారు కానీ విమానం కన్నా నాన్నకు రైలే సుఖం.

కూకట్‌పల్లి_కోడలు:
జనవరిలో వద్దు బ్రదర్. అప్పుడు ఎవరికైనా నచ్చుతుంది. మే నెల ఉక్కలో ఉంచి చూడండి, లేకపోతే అక్టోబర్ వానల్లో. వారం రోజులు ముసురు పట్టి వ్యాను, నడక రెండూ ఆగిపోయినప్పుడు అక్కడ ఏం చేస్తారో తెలియాలి.

భీమిలి_రోడ్డు:
అక్టోబరే సరైనది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటి సంగతులు తెలిసినవాళ్లు మా దగ్గర ఉన్నారు, తుఫాను హెచ్చరిక రాగానే మందులు, టార్చిలైట్లు, నీళ్ల డ్రమ్ములు వాళ్లే చూసుకుంటారు. మీరు చూడబోయే చోట జనరేటర్ లిఫ్టుకు కూడా కరెంటు ఇస్తుందా, వరండా లైట్లకేనా అడగండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. వందే భారత్ దాదాపు ఎనిమిదిన్నర గంటలే కానీ మధ్యాహ్నం బండి అర్ధరాత్రి వేళకు చేరుతుంది, పెద్దవాళ్లతో ఆ టైముకు భీమిలి రోడ్డులో క్యాబ్ కష్టం.

మలక్‌పేట_మేడమీద:
అలాగే సార్, అక్టోబర్‌కే అడుగుతాను. నాన్నది చివరి ప్రశ్న ఒకటి: ఆయన పాత చేతక్ తెచ్చుకోవచ్చా?

భీమిలి_రోడ్డు:
తెచ్చుకోమనండి. షెడ్డు ఉంది. కాకపోతే సైలెన్సర్‌కు ముందే తుప్పు పట్టకుండా మందు కొట్టించండి, బండి మీద ప్లాస్టిక్ కవర్ కప్పొద్దు, లోపల చెమ్మ చేరుతుంది. పాత నూలు దుప్పటి చాలు.