పర్సు మానేసి ఐడీలన్నీ ఫోన్‌లోనే పెట్టుకోవచ్చా?

మియాపూర్_బండి:
రోజూ మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి బండి మీదే. లైసెన్సు, ఆర్సీ, ఆధార్ మూడూ ఫోన్‌లో పెట్టుకుని పర్సు మానేద్దామనుకుంటున్నా. చెకింగ్‌లో గ్యాలరీలో ఫోటో చూపిస్తే చెల్లుతుందా? ఫోన్ చేతికివ్వమంటే ఏం చేయాలి? హాస్టల్ వాళ్లు వాట్సాప్‌లో ఆధార్ పెట్టమంటున్నారు, ఏది పంపాలి? ఫోన్ పోతే గతేంటి?

కుతుబ్_1975:
ఫోటో చాలు బ్రో, ఎక్కువ ఆలోచించకు.

ఆర్టీఏ_పాతకాపు:
చాలదండి. ఫోటోకి చట్టంలో విలువ లేదు, చలానా రాస్తే వాదించడానికి ఏమీ ఉండదు. చెల్లేవి ప్రభుత్వ యాప్‌లైన డిజిలాకర్, ఎంపరివాహన్‌లలో వచ్చే లైసెన్సు, ఆర్సీ. వాటిని ఒరిజినల్‌తో సమానంగా చూడమని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. డిజిలాకర్‌లోనూ ఒక తిరకాసు ఉంది. ‘ఇష్యూడ్ డాక్యుమెంట్స్’ కింద ఉన్నవే లెక్క. మీరే స్కాన్ చేసి ‘అప్‌లోడ్’ చేసుకున్నది ఫోటో కింద లెక్కే. రైల్లో టీటీఈకి చూపించేటప్పుడూ ఇదే రూలు.

ఇంకోటి, డేటా అందని చోట డాక్యుమెంట్ తెరుచుకోక తిప్పలు పడతారు. ఇంట్లో ఉన్నప్పుడే పీడీఎఫ్ దించి పెట్టుకోండి.

లాక్_మనిషి:
ఆ పీడీఎఫ్‌ని డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మాత్రం వదిలేయకండి. ఫైళ్ల పర్మిషన్ అడిగిన ప్రతి యాప్‌కీ అది కనబడే అవకాశం ఉంది. లోన్ యాప్‌లు గ్యాలరీ పర్మిషన్ అడిగేది అందం చూడ్డానికి కాదు కదా. ‘ఫైల్స్ బై గూగుల్’లో సేఫ్ ఫోల్డర్ ఉంటుంది, దానికి వేరే పిన్ పెట్టి అందులోకి మార్చండి. ఆ పిన్ మర్చిపోయినా, ఫోన్ రీసెట్ చేసినా లోపలివి తిరిగి రావు. కాబట్టి ఉన్న ఒక్క కాపీ అందులో దాచొద్దు.

ఫోన్ చేతికివ్వాల్సి వస్తే ఆండ్రాయిడ్‌లో ‘యాప్ పిన్నింగ్’ వాడండి. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద ఉంటుంది, కనబడకపోతే సెర్చ్‌లో ‘పిన్’ అని కొట్టండి. ‘అన్‌పిన్ చేసే ముందు పిన్ అడుగు’ అనే ఆప్షన్ ఆన్ చేయకపోతే అది ఉన్నా లేనట్టే. ఐఫోన్‌లో దీని బదులు ‘గైడెడ్ యాక్సెస్’, సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి పెట్టుకుంటే పక్క బటన్ మూడుసార్లు నొక్కితే వస్తుంది. ఇవి వేరే యాప్‌లోకి పోనివ్వవు, అంతే. డిజిలాకర్‌ని పిన్ చేసి ఇస్తే వెనక్కి నొక్కి అందులోని మిగతా కాగితాలన్నీ చూడొచ్చు. అసలు ఫోన్ మీ చేతిలోనే పట్టుకుని చూపించడం మేలు.

ఆధార్_అక్షరం:
హాస్టల్‌కి మాస్క్‌డ్ ఆధార్ పంపండి తమ్ముడూ. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైట్‌లో దించేటప్పుడు ‘మాస్క్‌డ్’ గడిలో టిక్ పెడితే 12 అంకెల్లో మొదటి 8 దాగిపోతాయి. పేరు, పుట్టిన తేదీ, అడ్రసు, ఫోటో మాత్రం అలాగే ఉంటాయి, క్యూఆర్‌లోనూ ఉంటాయి. అంటే దాగేది నంబరొక్కటే. పంపే కాపీ మీద అడ్డంగా హాస్టల్ పేరు, ‘రూమ్ కోసం మాత్రమే’, తేదీ రాసి పంపండి.

ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉందిలే అని ధీమా వద్దు. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో పేరులో మొదటి నాలుగు, పక్కన పుట్టిన సంవత్సరం, అదీ ఆ పాస్‌వర్డ్! మిమ్మల్ని కాస్త ఎరిగినవాళ్లెవరైనా కొట్టేస్తారు.

యూఐడీఏఐ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా వేసి పెట్టండి. వేలిముద్రతో డబ్బు తీసే మోసాలకి అదే అడ్డుకట్ట. మీకే వేలిముద్ర వేయాల్సి వస్తే కాసేపు తెరుచుకోవచ్చు, 10 నిమిషాలకి దానంతటదే మళ్లీ పడిపోతుంది.

లాక్_మనిషి:
ఫోన్ పోతే సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. దొంగ మీ స్క్రీన్ లాక్‌తో కుస్తీ పట్టడు. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ వాడికే వస్తాయి. అందుకే ఈ రోజే సిమ్‌కి పిన్ పెట్టండి. మొదట ఉండే డిఫాల్ట్ పిన్ ఏంటో ఆపరేటర్‌ని అడగండి, ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే అనే అన్‌లాక్ కోడ్ అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ చచ్చినట్టే. *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు) నంబర్లు కూడా కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి.

పోయాక వెంటనే సిమ్ బ్లాక్ చేయించి, పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, డూప్లికేట్ సిమ్ తీసుకోండి. ఆ తర్వాత టెలికం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయొచ్చు. ఈలోపు డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. చాలామంది బోల్తా పడేది సిమ్ దగ్గరే: కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. అంటే ఓటీపీ రాదు, డిజిలాకర్ తెరుచుకోదు, ఆ రోజు బండి తీస్తే చూపించడానికి కాగితం ముక్క ఉండదు.

మియాపూర్_బండి:
అంటే లైసెన్సు కార్డు మాత్రం బండి డిక్కీలో ఉంచాలన్నమాట.

ఆర్టీఏ_పాతకాపు:
డిక్కీలో వద్దు, బండితో పాటే పోతుంది. ఫోన్ ఒక జేబులో, కార్డు ఇంకో జేబులో. ఆధార్, ఆర్సీ ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.